చాచా వినాలనుకున్న జవాబు

ఆ రోజుల్లో బ్యాండులో పాట నేర్చుకోవడమంటే రికార్డు ముందు కూర్చుని చెవులు రిక్కించడమే. రికార్డు ఏం పాడితే అదే వేదం. నేను పగలు మానుకోట మార్కెట్ యార్డులో గుమాస్తాను, సాయంత్రం బాజా చాచా పెళ్లి బ్యాండులో రెండో సాక్సోఫోన్ వాణ్ని. (మా బాపు మాత్రం గుమాస్తా సంగతి ఒక్కటే అందరికీ చెప్పుకునేవాడు.) చాచా దగ్గర ఒక విదేశీ జాజ్ రికార్డు ఉండేది, ఎప్పుడో ఒక రైలింజను డ్రైవరు ఇచ్చిపోయాడట. అందులో ఇద్దరు సాక్సోఫోన్లతో ముచ్చట పెట్టుకుంటారు. మొదటాయన ఏదో అడుగుతాడు, రెండో ఆయన జవాబు అందుకోబోతాడు, సరిగ్గా అక్కడే గీత పడి ముల్లు ఎగిరి ముందుకు దూకేది. గీత వెనుక ఏముందో తెలియదు కాబట్టి మేము ఆ దూకుడునే నేర్చుకున్నాం. ఊరేగింపుల్లో అది వాయిస్తే జనం కూడా సరిగ్గా అక్కడే ఎగిరి దూకేవారు. ఏళ్ల తరబడి మానుకోట పెళ్లికొడుకులందరూ ఒక గీత సాక్షిగా ఊరేగారు!

ఒక ఎండాకాలం దవాఖానలో డాక్టరు చాచా గుండెల మీద గొట్టం పెట్టి విని, ఇక ఊదొద్దన్నాడు. చాచా ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు. "గీ సీజన్ అయినంక బందు వెడ్త బేటా. గని గా రెండో ఆయన ఏం జవాబిచ్చిండో ఒక్కపారి వినాలె." అంతలో అదే రికార్డు మళ్లీ కొత్తగా అచ్చయి వచ్చిందని హైదరాబాదు నుంచి స్నేహితుడు ఉత్తరం రాశాడు. మేనమామకు సీరియస్ అని ఆఫీసులో చెప్పి (పాపం, ఆయన అప్పుడు కొడకండ్లలో నిక్షేపంగా చేను దున్నుకుంటున్నాడు) రైలెక్కాను. తిరుగు ప్రయాణంలో రికార్డును ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఉన్న అవ్వ, "గా అట్ట జర ఇటియ్యి కొడుకా, ఉడ్కవోస్తుంది, ఇసురుకుంట" అంది. ఇవ్వనన్నానని మానుకోట దాకా నన్ను తిడుతూనే వచ్చింది.

మధ్యాహ్నం బ్యాండు దుకాణంలో కొత్త రికార్డు పెట్టాం. మొదటాయన అడిగాడు. ముల్లు ఎగరలేదు. రెండో ఆయన నిదానంగా, బుజ్జగిస్తున్నట్టు జవాబు చెప్పాడు. చాచా కళ్లు తుడుచుకోనైనా లేదు. "ఎంత మంచిగ చెప్పిండు బేటా! సాయంత్రం బరాత్‌ల నేనడుగుత, నువ్వు గీ జవాబు చెప్పు. వస్తదా?" అన్నాడు. ఇరవై రెండేళ్ల పొగరు. "ఒక్కపారి విన్న కద చాచా, వచ్చేసింది" అన్నాను.

సాయంత్రం ఊరేగింపులో చాచా ఊపిరంతా కూడదీసుకుని అడిగాడు. అంత బాగా ఆయన ఎన్నడూ వాయించలేదు. నా వంతు వచ్చింది. నా వేళ్లు, పాడుగాను, అలవాటు కొద్దీ దూకేశాయి! జనం కేకలు వేస్తూ ఎగిరి దూకారు. చాచా సాక్సోఫోన్ దించి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఏం ఫికర్ లేదు బేటా, నేర్సుకో. ఇంకోపారి అడుగుత" అన్నాడు. అడగలేదు. అదే ఆయన ఊదిన ఆఖరి బరాత్, వానాకాలం రాకముందే పోయాడు.

ఆ జవాబు నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు అరవై దాటినా ఒక్క స్వరం తప్పకుండా వాయిస్తాను. ఆ పొగరుబోతు కుర్రాడిని తలచుకుని నవ్వుకుంటాను కూడా. నవ్వయ్యాక కాసేపు ఆగుతాను, చాచా మళ్లీ అడుగుతాడేమోనని.