డ్రైవర్ మావయ్య తాళాలిచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలిచేది కాదు. జగ్గయ్యపేటలో మాకు హోల్‌సేల్ కిరాణా కొట్టుతో పాటు రెండు లారీలుండేవి. ముక్త్యాల వైపు ఫ్యాక్టరీలో సిమెంటు ఎత్తుకుని నందిగామ మీదుగా బెజవాడ పోయేవి. లారీ హారన్ వినపడితే చాలు, చేతిలో పుస్తకం ఎక్కడిదక్కడ పడేసి షెడ్డు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఈ వయసులోనూ కుదురుగా కూర్చుని టీ తాగడం నాకు చేతకాదు, ఇల్లంతా తిరుగుతూ తాగుతాను.

నేను పరిగెత్తేది పాత లారీ కోసం. దాన్ని నడిపే ముస్లిం ఆయన్ని డ్రైవర్ మావయ్య అని పిలిచేదాన్ని. మా తాతయ్య మొదటి లారీ కొన్నప్పటి నుంచీ ఆయనే డ్రైవరు. పొద్దున్నే వచ్చి అద్దం తుడిచి, టైర్లు తట్టి చూసి, మా నాయనమ్మ గుచ్చి ఇచ్చిన నిమ్మకాయా మిరపకాయల దండ తనే బండి ముందు కట్టి, తన దేవుణ్ణి తలుచుకుని ఎక్కేవాడు. మంచి ఓనర్లు ఒక బండిని ఒక డ్రైవర్ చేతిలోనే ఉంచుతారు. గేరు ఎక్కడ పట్టేస్తుందో, బ్రేకు ఎంత తొక్కితే పడుతుందో రోజూ నడిపేవాడికే తెలుస్తుంది. తాతయ్య సరుకు ఎక్కించి పంపాక హాయిగా నిద్రపోయేవాడు.

తాతయ్య పక్షవాతంతో మంచాన పడ్డాక పెత్తనం మా బాబాయి చేతికొచ్చింది. బాబాయి చెడ్డవాడు కాదు. బాగా చదువుకున్నాడు, ఒళ్ళు దాచుకునే రకం కాదు, కానీ ఎవరినీ నమ్మి ఊరుకోలేడు. లారీ కదిలితే వెనకే స్కూటరేసుకుని బయల్దేరేవాడు. దారిలో టీ కొట్టు కనపడితే ఆగి, మా బండి ఇక్కడ ఎంతసేపుంది అని ఆరా తీసేవాడు. డ్రైవర్ మావయ్య అద్దం తుడుస్తుంటే, అలా కాదు ఇలా అనేవాడు. చివరికి, బండి నాదే అన్న భావం వస్తే డ్రైవర్లు మాట వినరని, ట్రిప్పుకో బండి మార్చడం మొదలుపెట్టాడు. డ్రైవర్ మావయ్య ఎదురు మాట్లాడలేదు. నవ్వడం మాత్రం మానేశాడు. హారన్ విని పరిగెత్తుకెళ్తే పాత లారీలోంచి ఇంకెవరో దిగేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు పొద్దున ఆయన దొడ్డి గుమ్మం దగ్గరికొచ్చి తాళాలు నాయనమ్మ చేతిలో పెట్టాడు.

"గరికపాడు దాబా దగ్గర ఇంకో లారీ ఓనరు కలిసి, తన దగ్గర పనికి రమ్మన్నారు అమ్మగారూ. వెళ్తానండి."

నాయనమ్మ మొహం పాలిపోయింది. మంచంలో ఉన్న తాతయ్య మాట సరిగ్గా రాకపోయినా సాయంత్రమైతే అడిగేది, ఈయన క్షేమంగా వచ్చాడా అనే. ఇప్పుడు ఆ మనిషికి ఏమని చెప్పాలి? మధ్యాహ్నం దాకా ఆగమని బతిమాలింది. ఆయన కాదనలేక షెడ్డులో కూర్చున్నాడు. నేను వంటింటికీ షెడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. వెళ్ళిపోయాడేమోనని తొంగి చూడటం, ఉన్నాడని చెప్పడానికి మళ్ళీ లోపలికి పరిగెత్తడం.

బాబాయి భోజనానికొచ్చాడు. నాయనమ్మ ఆయన పెద్ద వెండి కంచం పక్కన పెట్టేసి, నా బుల్లి కంచంలో వడ్డించింది. ఇదేమిటమ్మా అంటే, ఈ ఇంట్లో ఇకమీదట ఎవరి కంచమూ ఎవరికీ సొంతం కాదంది. ఆకలి మీదున్నాడు, గొణుక్కుంటూనే కూర్చున్నాడు. ఆమె వెనకే నిలబడింది. నెయ్యి సరిగ్గా కలపలేదంది. ముద్ద పెద్దదైందంది. గోంగూర అప్పుడే ఎందుకు, నీళ్ళు మధ్యలో ఎందుకంది. ఆయన వింటుండగానే, పప్పు దగ్గర మీ బాబాయి ఎంతసేపు కూర్చున్నాడే అని నన్నడిగింది. నాకు నవ్వాగలేదు. పులుసు కంచం అంచు దాటి లుంగీ మీద పడింది. బాబాయి విసురుగా లేచాడు.

"మనిషిని తిననిస్తావా అమ్మా? నాకీ అన్నం వద్దు!"

"ఏరా, అన్నం బాలేదా?"

"అన్నానికేం, బాగానే ఉంది. నువ్వు నెత్తిమీద నిలబడితే ఎట్లా తినను?"

"ఆయనకీ బండి బాగానే ఉందిరా" అంది నాయనమ్మ. కొంగున ముడేసుకున్న తాళాలు తీసి బాబాయికిచ్చి, జరిగింది చెప్పింది.

బాబాయి చెయ్యి కడుక్కుని షెడ్డు వైపు నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను. తాళాలు డ్రైవర్ మావయ్య చేతిలో పెట్టి, పాత బండి ఇక ఎవరికీ ఇవ్వనని, తను వెంట రానని, తప్పు తనదేనని చెప్పాడు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. డ్రైవర్ మావయ్య మొహం విచ్చుకుంది. తాళాలు జేబులో వేసుకోబోయాడు. నాకైతే గంతులేయాలనిపించింది.

"కానీ, నందిగామలో మావాళ్ళ కొట్టు దగ్గర ఆగి, ఎన్నింటికి దాటావో చెప్పి వెళ్తుండు" అన్నాడు బాబాయి.

డ్రైవర్ మావయ్య జేబు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీశాడు. తాళాలు తిరిగి బాబాయి చేతిలో పెట్టి, "పెద్దయ్యగారిని చూడటానికి వస్తుంటానండి" అన్నాడు. అన్నట్టే వచ్చేవాడు, తాతయ్య పోయేదాకా. మా బండి స్టీరింగు మాత్రం మళ్ళీ పట్టలేదు. ఆ తర్వాత వచ్చిన డ్రైవర్లెవరూ నిలవలేదు, పాత లారీ అమ్మేశారు. అప్పట్లో బాబాయి మీద చెప్పలేనంత కోపమొచ్చింది. ఇప్పుడు జాలేస్తుంది.

ఎందుకంటే నందిగామలో నాకో చీరల కొట్టుంది, పనిచేసే ఆడపిల్లలున్నారు, నాది బాబాయి రక్తమే. వాళ్ళు మడత పెడుతుంటే నా చేతులు అటే పోతాయి. ఆపుకోలేకపోతే బయటికెళ్ళి బజారులో ఒక చుట్టు తిరిగొస్తాను. నిన్న ఒకమ్మాయి షోకేసంతా తనకు తోచినట్టు సర్దింది. నిజంగానే బాగుంది. బాగుందమ్మా అన్నాను. 'కానీ' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల నా మొహం వంకే చూస్తోంది. మింగేశాను.