యాభై రెండో ఆకు

లా పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ సంతోషించారు, రెండో పేజీలో ఫీజులున్నాయని తెలిసేదాకా. ట్యూషన్ ఫీజు, లైబ్రరీ డిపాజిట్, హాస్టల్, మెస్, చివర్న థీసిస్ ఇచ్చేటప్పుడు ఇంకో ఫీజు. మనం రాసింది వాళ్లు తీసుకోవడానికి కూడా మనమే కట్టాలి. పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే మా నాన్న కాగితం తిరగేశాడు.

"ఎన్నేండ్లురా?"

"ఐదు. ఆరు కూడా కావచ్చు."

"బాయిలర్ మొత్తం విప్పి బిగించనీకి మాకు నెల చాలు," అని టిఫిన్ డబ్బా పట్టుకొని బస్సెక్కాడు.

స్టైపెండ్ ఉన్న సీటు ఒక్కటే. అది వస్తే చదువు. రాకపోతే కోర్టులో ఏ సీనియర్ లాయర్ వెనకో ఫైళ్లు మోయడం.

ఇంటర్వ్యూలో చూపించాల్సిన పరిశోధన సినాప్సిస్ రాయడానికి భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న పెద్దమ్మ ఊరికి వెళ్లాను. నా అంశం తునికాకు ఏరేవాళ్ల కూలి, దాని చట్టం. బీడీలు చుట్టే ఆ ఆకు ఎండాకాలంలోనే కోస్తారు. పొద్దు పొడవకముందే పెద్దమ్మ వెంట నడిచాను. చెట్ల మధ్య వెలుతురు పాలలా విరుగుతోంది. ముందు నడిచే ఆడవాళ్ల చీరలు ఒకసారి కనిపించి, ఒకసారి ఆకుల్లో కలిసిపోతున్నాయి. ఎక్కడినుంచో కోయ మాటలు నిద్రలో విన్నట్టు తేలి వస్తున్నాయి. నేనూ కలలోలాగే నడిచాను. కొంత అడవి మహిమ, కొంత నిద్ర చాలక.

మధ్యాహ్నం ఆమె గడపలో ఆకు కట్టలు కడుతుంటే నేను రాసింది చదివి వినిపించాను. కట్టకు యాభై ఆకులు, కట్టకింత కూలి.

"యాభై ఎవరు కడ్తరురా?" అంది నార ముడేస్తూ. "యాభై రెండు కట్టాలె. చినిగినయని కల్లేదారు రెండు తీసేస్తడు. లెక్క తక్కువైతే కట్ట మొత్తం అవతలేస్తడు."

కల్లేదారంటే ఆకు కొనే కల్లం దగ్గర లెక్క చూసుకునేవాడు.

"తీసెయ్యకపోతే?"

"తీసెయ్యకపోతే ఆయినకే."

"ఎవరూ అడగలేదా?"

"రెండాకులకు కొట్లాడ్తరా ఎవరన్నా? నువ్వు చదువుకున్నోనివి, నువ్వు కొట్లాడు."

సినాప్సిస్ మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను.

ఇంటర్వ్యూ రోజు యూనివర్సిటీ వరండా రెండు వైపుల చుట్టాలొచ్చిన పెళ్లిలా ఉంది. ఒకవైపు పార్ట్‌టైమ్ వాళ్లు: జుట్టు నెరిసిన లాయర్లు, లా కాలేజీ లెక్చరర్లు, రిటైర్మెంటు దగ్గరపడ్డ ఒక పోలీసాయన. ఫీజు జీతంలోంచి పోతుంది గనక ప్రశాంతంగా ఉన్నారు. రెండో వైపు ఫుల్‌టైమ్ వాళ్లం, తక్కువ మందిమి. మాలో సగం ఆడపిల్లలే. ఒకామె ఒళ్లో పసిబిడ్డ, బిడ్డ చేతిలో ఆమె హాల్‌టికెట్. అడవి వైపు నుంచి నేనొక్కడినే అనుకుంటా.

"ఉద్యోగమా తమ్ముడూ?" అంది బిడ్డ తల్లి.

"లేదక్కా."

"మరి ఫీజు?"

"దానికోసమే ఇంటర్వ్యూ."

లోపల పెద్ద ప్రొఫెసర్ కాగితం చూస్తూ, "కట్టకు ఎన్ని ఆకులు?" అన్నాడు.

"రూలు ప్రకారం యాభై సార్. మా పెద్దమ్మ ప్రకారం యాభై రెండు."

కళ్లద్దాలు తీశాడు. "ఆ రెండూ ఎవరివి?"

"అది తేల్చడానికే ఐదేళ్లు అడుగుతున్నాను సార్."

సీటు వచ్చింది. స్టైపెండ్ మాత్రం నెలల తరబడి రాలేదు. ఆ నెలలు నాన్న డబుల్ డ్యూటీలు చేసి మెస్ బిల్లు పంపాడు, బాయిలర్ ఊసెత్తకుండా.

మరుసటి ఎండాకాలం నోట్సు రాసుకోవడానికి మళ్లీ ఆ గడపలోనే కూర్చున్నాను. పెద్దమ్మ నా ఒడి నిండా ఆకులు పోసింది. లెక్కపెట్టాను. యాభై దగ్గర పీహెచ్‌డీ స్కాలర్ ఆగాడు. చెయ్యి ఆగలేదు, ఇంకో రెండు తీసుకుంది. నార చుట్టి ముడేశాను.

పెద్దమ్మ ఆ కట్ట ఎత్తి చూసి, విప్పి నా ఒళ్లోనే పడేసింది.

"లెక్క సరిపోయింది. ముడి రాలే."