చిప్పెడు బూడిద

ఆ ఉదయం బూడిద డబ్బాలో పిల్లి పడుకుని ఉంది. అత్త ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏ పిల్లీ ఆ డబ్బా దరిదాపులకు రాలేదు. దాన్ని తోలుదామని లేచేసరికి ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేశాడు. "అప్ప పోనాదమ్మా" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఫోన్ పెట్టేసి మళ్లీ చూశాను. పిల్లి కదల్లేదు.

అత్త నాన్నకి అక్క. భర్త పోయాక, కంచరపాలెం కొండవాలులో అమ్మ లేని మా ఇంటికి వచ్చేసింది. నేను కాన్వెంటులో చేరిన ఏడాది అది. ఆమె గురించి మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను. వెతుక్కోవలసి వస్తోంది. ఆమె నోరు మంచిది కాదు.

మా కొండ మీద మురుగు కాలువలు లేవు. తవ్వితే బండ. పైనున్న ఇళ్లవాళ్లు మరుగుదొడ్డి గొట్టాల్ని నేరుగా గెడ్డలోకి వదిలేస్తారు. గెడ్డ అంటే కొండ మీంచి వాననీరు దిగే కాలువ. అది మా గోడ పక్కనుంచే పోతుంది. కాబట్టి పైవాళ్లు ఏం తిన్నారో మాకు తెలుస్తూనే ఉంటుంది.

ఒకప్పుడు ఎవరో సేవాసంస్థవాళ్లు వచ్చి కొన్ని ఇళ్లకి నీటితో పనిలేని మరుగుదొడ్లు కట్టించి వెళ్లారు. నేలకి పైన రెండు అరలు, వాటి మీద గది, ఎక్కడానికి మెట్లు. మూత్రం, కడుక్కున్న నీళ్లు వేరే దారిన పెరట్లో అరటి మొదళ్లకి పోతాయి. మిగిలినదాని మీద చిప్పెడు బూడిద వేయాలి. ఒక అర నిండితే మూసేసి రెండోది వాడాలి. అది నిండేలోగా మొదటి అరలోది మట్టి అయిపోతుంది. మిగతా ఇళ్లవాళ్లు వాటిలో కట్టెలు పెట్టుకున్నారు, మేకల్ని కట్టుకున్నారు. అత్త ఒక్కతే వాడింది. మాచేత వాడించింది.

బూడిద కోసం టీకొట్ల చుట్టూ తిరిగేది. చాలకపోతే టింబర్ డిపో నుంచి రంపపు పొట్టు గోనెసంచిలో మోసుకొచ్చేది. బూడిదని జల్లెడ పట్టి, బొగ్గులు ఏరి, డబ్బాలో పోసి, పైన కొబ్బరి చిప్ప బోర్లించేది. తర్వాత తలుపు బయట కూర్చునేది. లోపల నాన్న ఉన్నా, వచ్చిన చుట్టం ఉన్నా ఒకటే ప్రశ్న.

"బూడిదేసావేటి?"

జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండేది.

ఒకసారి నా స్కూలు స్నేహితురాలు ఇంటికి వచ్చింది. ఆ గదిలోకి వెళ్లింది. అత్త వదల్లేదు.

"ఏటే గుంటా, పలకవు? చిప్ప నిండా ఎయ్యి. కాన్వెంటోళ్లదైనా కంపే!"

మర్నాటి నుంచి క్లాసులో నా పేరు యాష్. విభూది బుధవారం నాడు ఫాదర్ క్రైస్తవ పిల్లల నుదుట బూడిద రాస్తుంటే, వరసలన్నీ నా వైపు తిరిగి నవ్వాయి. ఇంటికి వచ్చి ఏడ్చాను.

"ఐతే ఆ గుంట మరి రాదా?" అంది అత్త.

"రాదు."

"పోన్లే. బూడిద మిగుల్తాది."

ఆమె నన్ను ఓదార్చినట్టు నాకు ఒక్కటీ గుర్తు లేదు. కానీ నా వయసు ఆడపిల్లలు తెల్లవారకముందే చెంబు పట్టుకుని రైలు పట్టాల వైపు వెళ్లేవారు. నేను ఒక్కరోజూ వెళ్లలేదు.

ఆమెనీ ఎవరూ ఓదార్చలేదు. అరల్లోంచి తీసిన ఆ మట్టితో పెరట్లో వంగ, మునగ, అరటి విరగకాసేవి. అత్త వంకాయలు బుట్టలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చేది. వాళ్లు నవ్వుతూ తీసుకుని, ఆమె వీపు తిరగ్గానే గెడ్డలోకి విసిరేవారు. అవి మా గోడ పక్కనుంచే కొట్టుకుపోయేవి. అత్త నిలబడి చూసేది. మళ్లీ కాపు రాగానే మళ్లీ పట్టుకెళ్లేది.

తుఫాను వచ్చిన ఏడాది గెడ్డ పొంగి గొట్టాలు మూసుకుపోయాయి. పై ఇళ్లలో కమోడ్లు వెనక్కి తన్నాయి. అందరికంటే ముందు మా పైఇంటావిడ దిగి వచ్చింది. అత్తకి బూడిదమ్మ అని పేరు పెట్టింది ఆవిడే.

"వదినా, ఒక్కపాలి ఎల్లొస్తాను."

"నీకు తెల్లటి కుర్చీ ఉంది గదేటి. దాని మీద కూకో."

"ఇల్లంతా పొంగిపోనాది వదినా. నీ కాళ్లట్టుకుంతాను."

"కాళ్లొద్దు. చిప్పట్టుకో."

ఆవిడ లోపలికి వెళ్లింది. వెనకే వచ్చి నిలబడ్డ ఆడవాళ్లందరికీ వినపడేలా అత్త తలుపు మీద కొట్టింది.

"ఇంకో చిప్పెయ్యి! సాల్నేదు! నీది మరీ అన్నేయం!"

వానలో తడుస్తూ వరసంతా నవ్వింది. పైఇంటావిడ తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా కొండ మెట్లు ఎక్కిపోయింది. వరద తీసేదాకా కొండంతా మా పెరట్లోకే వచ్చింది. అత్త ఎవరినీ పొమ్మనలేదు. ఎవరినీ మాట అనకుండా వదలనూ లేదు.

చివర్లో ఆయాసంతో ఆసుపత్రిలో పడుకుని, బెడ్‌పాన్ పెట్టే ఆయాని బూడిద తెమ్మని వేధించింది. నాన్నని మాత్రం వేరేది అడిగింది.

"నా దినానికి నా అరిటాకుల్లోనే బువ్వెట్టించు. ఎవులు తింతారో నాను సూడాల."

"సచ్చిపోనాక ఎలగ సూత్తావే అప్పా?"

"కాకినై సూత్తాను. నువ్వెట్టు."

నాన్న మాట ఇచ్చాడు. నిలబెట్టుకున్నాడు. దినం రోజున పెరట్లో ఆకులు కోసి, కడిగి, షామియానా కింద బారుగా పరిచాడు. ముందు కాకికి ముద్ద పెట్టాం. కొందరి దినాలకి కాకి ఎంతకీ రాక, బతిమాలుకుంటూ నిలబడతారు. అత్త ముద్ద మీద, నాన్న చెయ్యి తీయకముందే వాలింది.

"కాకి తిన్నాది. అందరూ కూకోండి" అన్నాడు నాన్న.

"దానికేటి" అంది పైఇంటావిడ. "అది ఇదీ తింతాది, అదీ తింతాది."

నవ్వు బారు చివరిదాకా వెళ్లింది. ఆ తర్వాత ఒకరికి శనివారం ఒక్కపొద్దు గుర్తొచ్చింది. ఒకరికి సుగరు. ఒకరికి కింద ఆటో వెళ్లిపోతోంది. వడ్డించిన అన్నం మీద ఆవిరి ఆగిపోయింది. నాన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. వంకాయ కూర ఆమె మొక్కలదే. చాలా బాగుంది. మారు వడ్డించుకున్నాను.

వెళ్లబోతూ పైఇంటావిడ మా మంచి కోరే చెప్పింది.

"తమ్ముడా, మరా గది పీకించీ. ఎదిగిన పిల్లుంది, సంబంధాలు రావాల. బండ కొట్టీ మిషనొచ్చింది, ట్యాంకు తవ్వించుకో. నిండితే ఓ మనిసిని పిల్సుకో. దిగి తీసేత్తాడు, నీకేటి బాధ?"

నాన్న చెయ్యి కడుక్కున్నాడు. ఎవరూ ముట్టని ఆకుల్ని అన్నంతో సహా మడిచి, ఒక్కొక్కటే తీసుకెళ్లి అరటి మొదట్లో పెట్టాడు. డబ్బాలో మళ్లీ పడుకున్న పిల్లిని తోలాడు. అత్త జల్లెడ తీసుకుని, అత్త కూర్చునే చోటే కూర్చుని, దినం వంట చేసిన పొయ్యిలోని బూడిద జల్లించడం మొదలుపెట్టాడు. అది ఇంకా వేడిగా ఉంది. మధ్య మధ్యలో చేతులు ఊదుకుంటున్నాడు.

అత్త భర్త తాపీమేస్త్రీ. గాజువాకలో ఒక ఇంటి సెప్టిక్ ట్యాంకు బాగుచేయడానికి దిగి, అందులోనే చనిపోయాడు.