గాలి కోసం కాచుకునే ద్వారకానాథ్ గారు

ద్వారకానాథ్ గారు గాలి లేనిదే రైఫిల్ ముట్టరు. షూటింగ్ క్లబ్‌లో అందరూ గాలి ఆగాలని ఎదురుచూస్తారు, ఈయనొక్కరే అది లేవాలని ఎదురుచూస్తారు.

సిడ్నీ దాటి కొండల్లో ఉంది ఆ క్లబ్. లోయకు అవతలి గట్టున, రెండు వందల మీటర్ల దూరంలో, సాసరంత ఇనుప బిళ్ల, అదే గురి. పాయింట్ ట్వెంటీటూ రైఫిల్ గుండు మరీ తేలిక, చిరుగాలికే పక్కకు పోతుంది. పొద్దున లోయ నిశ్చలంగా ఉంటుంది. మధ్యాహ్నమైతే గాలి ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. చీటీ తీసి వంతులు వేస్తారు. పొద్దుటి చీటీ వస్తే జనం ఎగిరి గంతేస్తారు, ద్వారకానాథ్ గారు మాత్రం మొహం ముడుచుకుని దాన్ని ఎవరికో అంటగట్టేస్తారు.

వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా రిటైరయ్యారు. గాలి గురించి మొదలుపెడితే ఇప్పటికీ మనిషిని మత్తులోకి దించగలరని భార్య కళావతి గారి ఫిర్యాదు. టూంగాబీలో వాళ్లింటి పెరట్లో బట్టలు ఆరేస్తే, ఈయన కుర్చీ వేసుకుని అవి ఎటు ఊగుతున్నాయో రాసుకుంటారట. వాన వచ్చినా తీయరట, వానగాలి లెక్క వేరట.

క్లబ్ జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది, పోటీలో ఎక్కువ కొట్టినవాళ్లకే అది. క్లబ్‌లో కొత్తగా చేరిన నర్సు నీరజకు అది కావాలి. కరీంనగర్ నుంచి వచ్చిన ఈ ఐదేళ్లలో డ్యూటీ, అద్దె ఫ్లాటు తప్ప తనదంటూ ఏదీ లేదనిపించేది ఆమెకు. తీరా చీటీ తీస్తే మధ్యాహ్నం వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇటివ్వమ్మా, అది నాది," అన్నారు ద్వారకానాథ్ గారు, తన పొద్దుటి చీటీ ఆమె చేతిలో పెడుతూ. "గాలి లేకుండా కాల్చడం ఉప్పులేని పప్పు తిన్నట్టుంటుంది."

ఆ పొద్దున నీరజ పదింట్లో ఎనిమిది కొట్టింది. మధ్యాహ్నం ఆయన అరగంట గాలితో వాదించి మూడు కొట్టారు. చోటు నీరజదే అయింది.

జట్టు పట్టీలో సంతకం పెట్టడానికి ఆఫీసు గదిలోకి వెళ్లిన నీరజకు గోడమీద రికార్డుల బోర్డు కనిపించింది. పదికి పది, ఒకే ఒక్క పేరు, ద్వారకానాథ్. తొమ్మిదేళ్ల కిందటిది, పక్కనే 'ఉదయం, గాలి లేదు' అని ఉంది. క్లబ్ కెప్టెన్ లిన్ నవ్వింది. ఆ తర్వాత ఆయన పొద్దున కాల్చిందే లేదట, చీటీ రాగానే కొత్తవాళ్లెవరా అని వెతుకుతారట. ఈ జట్టుచోటుకు ముందు అందరూ అనుకున్నది ఆయన పేరేనట.

నీరజ నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి అడిగేసింది.

"అంకుల్, పొద్దుగాల మీరు పదికి పది కొట్టిన్రంట. మరి నాకెందుకు ఇచ్చిన్రు?"

దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఆయన కంగారుపడ్డారు. "గాలి లేనప్పుడు పదీ కొట్టేశాను కదమ్మా. ఇంక నాకేం పని?"

"అట్లయితే వచ్చే నెల నేను గూడ ఆఫ్టర్‌నూనే కాలుస్త. మీ పక్కనే."

ఆయన మొహం విప్పారింది. తను పడుకుని కాల్చే చాపను కాస్త పక్కకు జరిపి చోటిచ్చారు. గాలి గురించి తను చెప్పేటప్పుడు మధ్యలో ఆపకూడదని ఒక్క షరతు పెట్టారు. నీరజ సరేనంది. ఆపాలనుకున్నా, ఆయన ఊపిరి తీసుకుంటే కదా.