వేలు బయటే ఉండాలి

సూరత్‌లో మా కార్ఖానాలోకి, నూలును అటూ ఇటూ మోసే నాడె లేని కొత్త మగ్గాలు రాగానే నా పని పోయింది. బట్టల మార్కెట్లో గన్‌మన్ ఉద్యోగం ఉందన్నారు. దానికి తుపాకీ లైసెన్సు ఉండాలి. లైసెన్సుకు ముందు శిక్షణ పత్రం కావాలి. ఆ పత్రం మీద సంతకం పెట్టే మనిషి ఊరి బయట పల్సానాలో ఉండే రిటైరైన సిపాయి. ఆయనదీ మా తెలంగాణే. అందరం ఉస్తాద్ అనేవాళ్లం.

నేను చదువుకునే వెళ్లాను. ఏడో తరగతిలోనే బడి మానేసినా, సూరత్‌కు వచ్చాక గ్రంథాలయం మానలేదు. తుపాకుల భద్రత మీద అక్కడ దొరికిన హిందీ పుస్తకం రెండుసార్లు చదివాను. ఏ తుపాకీలోనైనా తూటా ఉందనే అనుకోవాలి. గొట్టం మనుషుల వైపు తిప్పకూడదు. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ బయటే ఉండాలి. మొదటి రోజే ఇవన్నీ అప్పజెప్పాను.

"శెబాష్, లైబ్రరీ సాబ్! నోటికొచ్చింది. చేతికొచ్చిందా జర చూద్దాం," అన్నాడు ఉస్తాద్.

అది రెండు గొట్టాల తుపాకీ. లీవర్ తిప్పి తెరవాలి, గొట్టాలు ఖాళీగా ఉన్నాయో లేదో చూడాలి, మందు లేని రెండు డమ్మీ తూటాలు పెట్టి మూయాలి. నా వేగం చూసి శిక్షణకు వచ్చిన తక్కినవాళ్లు నోరెళ్లబెట్టారు. ఇరవై ఏళ్లు నాడెలో నూలు కండెలు మార్చిన చేతులు మరి. మూసిన మరుక్షణమే 'టక్' మంది.

"ఏంది తమ్మీ గిది! ఎవన్ని సంపుదామని?"

"నేను నొక్కలే ఉస్తాద్."

"మరి నీ వేలు ఎవని జేబుల ఉండె?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం సంగతి అర్థమైంది. కండె మార్చిన చెయ్యి ఆగదు, ఆ ఊపులోనే మగ్గం నడిపే హ్యాండిల్ లాగేస్తుంది. ఆ అలవాటే ట్రిగ్గర్ దాకా వచ్చింది. దీనికి మందు ఏ పుస్తకంలోనూ లేదు.

వారమంతా బమ్రోలిలో మా గదిలో గొడుగు పట్టుకుని సాధన చేశాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే గొడుగు అందుకోవాలనిపించేది.

"ఏందయ్యా, గొడుగుతోని యుద్ధమా? పోయి కూరగాయలు తేపో," అని నా భార్య తరిమేది. షేర్ ఆటోలో కూడా వేలు సంచి పక్కన నిటారుగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

శనివారం పొద్దున పరీక్ష. రెండుసార్లు నింపి, రెండుసార్లు ఖాళీ చేశాను. ఏ చప్పుడూ రాలేదు.

"అందరికన్నా నువ్వే జల్ది," అంటూ ఉస్తాద్ పెన్ను తీశాడు.

కానీ రెండోసారి మూయగానే నా వేలు లోపలికి పోయింది. ఇనుము చల్లగా తగిలాక బయటికి లాక్కున్నాను. ఎవరూ చూడలేదు. పెన్ను కాగితం దగ్గరికి వస్తోంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"ఉస్తాద్, వేలు లోపలికి పోయింది."

"నొక్కినవా?"

"లేదు. తగిలింది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నేను చూడలే గద. ఎందుకు జెప్పినవ్?"

"మార్కెట్ గేటు కాడ మీరుండరు గద."

పెన్ను మూత పెట్టేశాడు. "వచ్చే శనివారం రా."

"ఇప్పుడే ఇంకోసారి చేస్త ఉస్తాద్. ఒక్క నిమిషం."

"అగో, మళ్ల జల్ది!" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా చేతిలోంచి తుపాకీ తీసుకుని, తెరిచి, తరువాతి మనిషిని పిలిచాడు.