జీనువాయిలకు అడవి చూపించిన రోజు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఏది చెప్పినా ఒకటికి మూడు చెబుతాను. మా ఆవిడ మూడుతో భాగించి వింటుంది. మీరూ అలాగే చదవండి.

మోకాళ్లు అరిగి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి ముందు ఏడాది, ఏప్రిల్‌లో, నేను డోన్ దగ్గర అటవీ శాఖ సెక్షన్ ఆఫీసరును. రేంజి ఆఫీసరుకు కింద, బీటు ఆఫీసర్లకు పైన ఉండే ఉద్యోగం అది. పైనుంచి తిట్లు, కిందినుంచి సాకులు వచ్చి కలిసే జంక్షను. ఆ ఎండకు రైలు పట్టా మీద దోసె పోస్తే తిరగేయకుండానే రెండు వైపులా కాలేది.

ఒక ఉదయం రైల్వే స్టేషను బయట గోనెపట్టా కప్పిన రెండు పంజరాలు దొరికాయి. ఎవరివని అడిగితే ఊరు ఊరంతా మావి కావంది. లోపల జీనువాయిలు. పిచ్చుక కంటే చిన్నవి. మట్టిరంగు వీపు, తెల్లటి పొట్ట, సూదిలాంటి నల్ల తోక, వెండిపూత వేసినట్టున్న లావుపాటి బూడిదరంగు ముక్కు. గింజలు ఒలుచుకు తినే జాతి. వన్యప్రాణులు కనుక పట్టినా అమ్మినా నేరం. నియమం ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు పంచనామా రాయాలి, అందులో పిట్టల సంఖ్య వేయాలి. అవి కుదురుగా ఉండవు కదా, నాకొక సంఖ్య, సాక్షులకు చెరొక సంఖ్య వచ్చాయి. చివరికి ఫొటో తీసి ఫొటోలో లెక్కపెట్టాం. పంచనామా కాగితాలు తూచితే పిట్టలన్నిటికంటే ఎక్కువ తూగేవి.

‘సహజ ఆవాసంలో విడుదల చేసి రుజువు సమర్పించాలి’ అని మేజిస్ట్రేటు గారి ఉత్తర్వు చేతికందేసరికి రెండో రోజు. అప్పటికే కొన్ని పిట్టలు రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి కూర్చున్నాయి. ఇంకో రోజు పంజరంలో ఉంటే బతకవు. రేంజి ఆఫీసరు గారు ఫోన్‌లో ఒకటే చెప్పారు: ఫొటోలో రిజర్వు ఫారెస్టు బోర్డు కనబడాలి, వెనక చెట్లు బాగుండాలి. మా శాఖలో సహజ ఆవాసమంటే రిజర్వు ఫారెస్టే, అందులో ఎవరికీ అనుమానం లేదు. చెట్లంటే నల్లమల. పంజరాలు జీపెక్కించాం.

నాతో వచ్చినవాడు వాచర్ హుసేనప్ప, డోన్ పక్క పల్లెలో కొర్ర పండించే ఇంటివాడు. దారి పొడవునా పంజరాల మీది తడిగుడ్డ ఆరకుండా నీళ్లు చల్లాడు. మా జీపు వెనక ఒక ఏరు పారింది. నల్లమల అంచున, టేకు చెట్ల మధ్య, బోర్డు పక్కన పంజరాలు దించాం. మొదటి దాని తలుపు మీద చెయ్యి వేశాను.

“ఈడనే ఇడుస్తాండారా సార్?” అన్నాడు హుసేనప్ప.

“మరి యాడ ఇడవాలప్పా? అడివి గదా ఇది.”

“అడివి మనకు. వీటికి గడ్డిగింజ యాడుండాది ఈడ? టేకాకు తినమంటారా?”

“అయితే యాడ బతుకుతాయి?”

“బీడు భూముల్లో సార్. ముండ్లకంప, ఇంత గడ్డి, పక్కన నీళ్లగుంత. అంతే. మా కొర్ర చేన్లో వీటిని తరిమి తరిమి నా గొంతు పోయిండాది. నాకు తెలీదా?”

“బీడులో మన బోర్డు ఉండదు గదప్పా.”

“మోసకపోదాం సార్.”

ఇనప బోర్డు కదల్లేదు కాబట్టి, జీపులో ఉన్న మొక్కలు నాటే కార్యక్రమపు ఫ్లెక్సీతో సరిపెట్టుకున్నాం. వెనక్కి తిరిగి, డోన్ చేరకముందే ఒక బీడులో దాన్ని రెండు కంపచెట్లకు కట్టి తలుపు తీశాం. పిట్టలు పది అడుగుల దూరంలో గడ్డికంకుల మీద వాలి, మమ్మల్ని ఖాతరు చేయకుండా గింజలు ఒలవడం మొదలుపెట్టాయి. పొద్దు వాలేసరికి కంపలో దూరి ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఫొటో చూసి రేంజి ఆఫీసరు గారు వెనక చెట్లేవని అడిగారు. ఎండాకాలం కదా సార్, ఆకు రాలిందన్నాను.

ఆ రోజు నేర్చుకున్నది ఇదీ: ఉత్తర్వులో సహజ ఆవాసం అన్న మాట ఉంటే, మ్యాపు తెరిచే ముందు ఆ ప్రాణి ఏం తింటుందో తెలిసినవాణ్ణి అడగాలి.

ఇక కల్పన సంగతి. పెంచి రాసినవి ఎలాగూ మీరు నమ్మరు కనుక అవి అబద్ధాల కిందికి రావు. కల్పించింది ఒక్కటే. హుసేనప్ప నోరు విప్పేసరికి నా చెయ్యి తలుపు మీద లేదు. మొదటి పంజరం అప్పటికే ఖాళీ. బోర్డుతో దాని ఫొటో కూడా బాగా వచ్చింది. ఆ పిట్టలు టేకు కొమ్మల మీద చెదిరి కూర్చున్నాయి. కింద కొర్రలు చల్లి గంటసేపు చూశాం, ఒక్కటీ దిగలేదు. బీడు చేరింది రెండో పంజరమే. విడుదల నివేదికలో రెండింటికీ ఒకటే స్థలం, నల్లమల అని రాసి సంతకం పెట్టాను.