కాలి కింద నాలుక చేప

మా పెద్దమ్మకు వల లేదు, గాలం లేదు. పాదాలతో నాలుక చేపలు పట్టేది. ఏరు సముద్రంలో కలిసేచోట మోకాటిలోతు నీళ్ళలో ఇసుకను మెల్లగా తొక్కుతూ నడిచేది. అరికాలి కింద ఏదైనా మెదిలితే మడమతో అదిమి, వంగి, మొప్పల దగ్గర పట్టుకుని పైకి తీసేది.

నాలుక చేపది అంతా దొంగ బతుకు. పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే నిటారుగా ఈదుతుంది, చెరోవైపు ఓ కన్ను. పెరిగేకొద్దీ ఒక కన్ను నెత్తి మీదుగా జరిగి రెండోదాని పక్కన చేరుతుంది. ఇక అది పక్కకు ఒరిగి అడుగునే పడుకుంటుంది. పైవైపు అచ్చం ఇసుక రంగు, కిందివైపు తెలుపు. ఒళ్ళంతా ఇసుక కప్పుకుని కళ్ళు మాత్రం బయటపెడుతుంది.

"దాన్ని కళ్ళతో వెతికేవాడు వెర్రివాడే. కాలికి కనబడాలి," అనేది పెద్దమ్మ.

రెండేళ్ళ కిందట డాక్టరు షుగరుందన్నాడు, కాళ్ళు జాగ్రత్తన్నాడు. "నా కాళ్ళ సంగతి నాకు చెప్పొచ్చాడు," అని మందుల చీటీ చింపేసింది.

ఈమధ్య మూడు నెలలుగా ఒక్క చేపా దొరకలేదు. ఏటి మొగలో యంత్రంతో బురద తవ్వేశారని, పిల్లచేపలు పెరిగే చోటు పోయిందని, ఆ యంత్రం వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టింది. నేనూ తిట్టాను. తిట్లలో మా ఇంటికి మంచి పేరే ఉంది.

నిన్న నన్నూ వెంటబెట్టుకెళ్ళింది. "ఇవాళ కూడా దొరక్కపోతే ఈ చేపల బుట్ట పొయ్యిలో పెట్టేస్తానే," అంది. పెదనాన్న పోయాక ఆమెకు తిండీ మర్యాదా ఆ బుట్టే. నాకు ఏడుపొచ్చింది.

నీళ్ళు తేటగా ఉన్నాయి. చాలాసేపు తొక్కి ఆగింది.

"ఏమీ లేదే. సముద్రం గొడ్డుపోయింది. పద, పోదాం."

ఆమె కుడిపాదం కింద నుంచి ఓ తోక బయటికొచ్చి కొట్టుకుంటోంది.

"పెద్దమ్మా, కదలకు. నీ కాలి కింద చేపుంది."

"ఎకసెక్కాలా?"

"ఒట్టు. కుడికాలి కింద."

వంగి చూసింది. పాదాన్ని గోరు దిగేలా గిల్లుకుంది. మళ్ళీ గిల్లుకుంది, మొహంలో నొప్పే లేదు. తర్వాత కాలెత్తింది. చేప జారిపోయి నాలుగడుగుల అవతల ఇసుకలో కలిసిపోయింది.

"ఎన్నిటిని తొక్కి వదిలేశానో," అంది. "ఆ యంత్రం వాళ్ళను ఊరికే తిట్టాను."

బుట్ట నా చేతికిచ్చి ఒడ్డుకు నడిచింది, ప్రతి అడుగూ ఎక్కడ పడుతోందో కళ్ళతో చూసుకుంటూ.